కట్టుడు పళ్ళు కట్టిన మేడగది

పాండీ బజారులో ఈమధ్య గోళ్ళు తీర్చిదిద్దే దుకాణం ఒకటి వెలిసింది. దాని గుమ్మం దాటుతుంటే ఘాటైన వాసన ముక్కుకి తగిలింది. కాస్త తీపి, అంతలోనే కళ్ళ వెనక్కి పోయి గుచ్చే వాసన. అద్దం లోపల ఒక పిల్ల చిన్న గాజు గిన్నెలో కుంచె ముంచి, తడి కొసని పొడికి అద్ది, ముత్యమంత ముద్ద తీసి గోటి మీద పరుస్తోంది. ఆ గిన్నెని మా పనిలో డాపెన్ గిన్నె అంటారు. గోళ్ళకి వాడేది ఈథైల్ మెథాక్రిలేట్. మా ల్యాబులో సీసాలకి సీసాలు ఖర్చయింది దాని అన్న, మిథైల్ మెథాక్రిలేట్. వాసనలో అన్నదమ్ముల పోలిక దాగదు.

ఆ వాసనతోపాటు ప్యారీస్ కార్నర్ వెనక సందు వచ్చేసింది. ఇరుకు మెట్లు, పైన పొడుగాటి టేకుబల్ల, వరసగా స్పిరిట్ దీపాలు, కిటికీలోంచి తోపుడుబళ్ళ వాళ్ళ కేకలు. కింద డాక్టరుగారి గది, పైన పళ్ళు కట్టే గది. గుమ్మం మీద గులాబిరంగు చిగుళ్ళు గీసిన రేకు బోర్డు. చైనా నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డ పళ్ళవైద్యుల కుటుంబాల బోర్డులూ అలాగే ఉండేవి. నోట్లో చెయ్యి పెట్టేవాడు వేరు, బల్ల దగ్గర పళ్ళు కట్టేవాడు వేరు అని 1948 డెంటిస్టుల చట్టం తేల్చింది. బల్ల దగ్గరివాళ్ళకి అది పెట్టిన పేరు డెంటల్ మెకానిక్. ఇళ్ళల్లో మాత్రం "పళ్ళు కట్టేవాళ్ళు" అనే అనేవారు. ఆ మాటే బాగుంటుంది. ఇల్లు కడతాం, మాల కడతాం, పళ్ళూ కడతాం.

పెద్ద మేస్త్రి నెల్లూరు వైపు మనిషి. కొత్తగా చేరిన కుర్రాళ్ళు డబ్బాలో తళతళలాడే పళ్ళు చూసి మురిసిపోతే ఒకటే మాట అనేవారు: "పన్నుదేముంది నైనా, డబ్బాలో వస్తుంది. పీట చూడు." పీట అంటే చిగురు మీద కూర్చునే గులాబిరంగు భాగం. పన్ను ఎంత అందంగా ఉన్నా పీట కదిలితే ఆ సెట్టు నోట్లో ఉండదు, చొక్కా జేబులో ఉంటుంది.

*

పొద్దున మొదటి చప్పుడు రబ్బరు గిన్నెలో గరిటె తిరిగేది. నోట్లో తీసిన ముద్రలోకి (మేం దాన్ని కొలత అంటాం) పోసి చిగుళ్ళ అచ్చు తియ్యడానికి ప్లాస్టర్ కలిపే చప్పుడది. 100 గ్రాముల ప్లాస్టర్‌కి 50 మి.లీ. నీళ్ళు, గట్టి స్టోన్ రకానికైతే 30. నీళ్ళు ముందు పొయ్యాలి, పొడి పైనుంచి జల్లాలి, అది తనంతట తాను నానాక కలపాలి. పొడి మీద నీళ్ళు పోస్తే లోపల గాలి చిక్కుతుంది. గాలిబుడగ అంటే అచ్చులో చిన్న గుంట. ఆ గుంటలోకి రేపు ప్లాస్టిక్ దిగి పీట కింద పులిపిరిలా నిలబడుతుంది. ఎల్లుండి అది ముసలమ్మ చిగుట్లో గుచ్చుకుని పుండవుతుంది. అందుకే గిన్నెని బల్లకేసి టకటకా కొట్టి బుడగలన్నీ పైకి రప్పించేవారు. పొద్దున పదింటిదాకా మేడంతా ఆ టకటకే.

మద్రాసు నీళ్ళతో ఒక తంటా ఉండేది. బోరు నీళ్ళల్లో ఉప్పు. కొంచెం ఉప్పు చాలు, ప్లాస్టర్ అనుకున్నదానికంటే ముందే బిగుసుకుపోతుంది, చేతిలో ఉండగానే గడ్డకడుతుంది. అందుకని అచ్చు పోయడానికి కార్పొరేషన్ నీళ్ళు వేరే బిందెలో పట్టి ఉంచేవారు. బోరు నీళ్ళు కడగడానికే. కార్తీకమాసం వానల్లో ఇంకో రకం చిక్కు. బస్తా మూతి విప్పి వదిలేస్తే పొడి గాల్లో తేమ పీల్చేస్తుంది. కాస్త తేమ తగిలితే తొందరగా బిగుస్తుంది. బాగా పీలిస్తే చచ్చిపోతుంది, ఎంతసేపటికీ గట్టిపడక చేత్తో నలిపితే రాలుతుంది. ఆ రోజుల్లో ప్లాస్టర్ ఉండేది మూత బిగించిన బిస్కెట్ డబ్బాల్లో.

పది దాటాక మెట్ల మీద లవంగాల వాసన వచ్చేది. కింద డాక్టరుగారు రెండో కొలత తీస్తున్నారన్నమాట. మొదటి కొలతకి వేణ్ణీళ్ళల్లో మెత్తబరిచిన గోధుమరంగు కాంపౌండ్ బిళ్ళ. రెండోదానికి జింక్ ఆక్సైడ్, యూజినాల్ కలిపిన పేస్టు. యూజినాల్ అంటే లవంగనూనెలో ఉండే సారమే. పళ్ళు కొన్ని మిగిలున్న నోటికైతే ఆల్జినేట్. అది సముద్రపు నాచుతో చేసేది. రెండో ప్రపంచయుద్ధంలో అప్పటిదాకా కొలతలకి వాడే అగర్ జపాను నుంచి రావడం ఆగిపోతే దానికి బదులుగా వాడుకలోకొచ్చింది. దాన్ని వెంటనే పోసెయ్యాలి. బల్ల మీద అరగంట వదిలితే నీరు ఆరి కుంచించుకుపోతుంది. ఫోను మోగిందని వెళ్ళి, తిరిగొచ్చి పోసిన అచ్చు మీద కట్టిన సెట్టు ఎవరి నోటికీ పట్టదు.

పైసెట్టుకి ఒక రహస్యం ఉంది. పేషెంటుని "ఆ" అనమంటారు. అంగిలి వెనక మెత్తటి భాగం కదలడం మొదలయ్యే గీత అప్పుడు కనిపిస్తుంది. అచ్చు మీద ఆ గీత వెంట ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర లోతున సన్నగా గీకుతారు. ఆ గీకిన చోట పీట అంచు కాస్త ఉబ్బెత్తుగా వచ్చి మెత్తటి చర్మాన్ని నొక్కి పట్టుకుంటుంది, గాలి లోపలికి దూరదు. జిగురూ లేదు, తీగా లేదు. లాలాజలపు పల్చటి పొర, దాని చుట్టూ గాలి చొరబడని అంచు. పైసెట్టుని నిలబెట్టేది ప్రధానంగా ఆ రెండే. ఆ గీత మర్చిపోతే దగ్గినప్పుడల్లా పళ్ళు ఊడి చేతిలో పడతాయి.

*

తర్వాత మైనం గోడలు, పళ్ళు రాబోయే చోటుకి గుర్తుగా. ముందువైపు పైది 22 మిల్లీమీటర్లు, కిందది 18. అది మొదలుపెట్టడానికి లెక్క. నిజం లెక్క ముఖం చెబుతుంది. ముక్కు కింద ఒక చుక్క, గడ్డం మీద ఒక చుక్క పెట్టి, దవడ సేదదీరి ఉన్నప్పుడు వాటి మధ్య దూరం కొలవాలి. సేదదీరమంటే ఎవరూ సేదదీరరు, బిగుసుకుపోతారు. అందుకని "అమ్మ" అనమనేవారు. ఆ "మ్మ" దగ్గర పెదాలు కలిసినప్పుడు దవడ తన చోటుకి వస్తుంది. ఆ దూరంలోంచి 2 నుంచి 4 మిల్లీమీటర్లు తగ్గిస్తే పళ్ళు కలిసే ఎత్తు. తగ్గించకపోతే మాట్లాడినప్పుడల్లా పళ్ళు కొట్టుకుంటాయి, సాయంత్రానికి చిగుళ్ళు మండుతాయి. ఎక్కువ తగ్గిస్తే ముఖం కుదించుకుపోయి, నోటి మూలల్లో ఉమ్మి నిలిచి పగుళ్ళొస్తాయి.

మైనం మీద పళ్ళు అమర్చాక మాట పరీక్ష. డాక్టరుగారు తమిళులు. ఇంగ్లీషులో "సిక్స్‌టీ సిక్స్" అనిపించి, స దగ్గర ఈల వస్తుందో లేదో చూసేవారు. గోవిందప్ప నాయకన్ వీధి నుంచి కోమటి చెట్టీల ఇళ్ళ ముసలమ్మలు వస్తే మాత్రం మేస్త్రిని కిందికి పిలిచేవారు. ఆయన ఎదురుగా ముక్కాలిపీట వేసుక్కూచుని, "అక్కా, చాప అను. చలి అను. చుక్క, జల్లెడ, జున్ను" అని చెప్పించేవారు. మన భాషలో దంత్య చ, దంత్య జ ఉన్నాయి కదా. చీమలో చ వేరు, చాపలో చ వేరు. చాపలో నాలుక కొస పైపళ్ళ వెనక అంటి జారుతుంది. ముందుపళ్ళు మరీ లోపలికి పెడితే ఆ చ మొద్దుబారుతుంది, త కూడా ద లాగా వినిపిస్తుంది. బయటికి పెడితే గాలి జారి బుస్సుమంటుంది. వ పలికినప్పుడు పైపంటి అంచు కిందిపెదవి తడి పొడి కలిసే గీత మీద ఆనాలి. త థ ద ధ న లని దంత్యాలన్న వ్యాకరణం బళ్ళో బట్టీపట్టిందే. అది పనికొచ్చే చోటు ఆ మేడ కింద గది. చాప సరిగ్గా వచ్చాక ఆ ముసలమ్మలు పక్కనున్న కోడలి వైపు తిరిగి ఇంకోసారి అనేవారు, ఎవరూ అడక్కుండానే.

మే నెలలో ఈ మైనం పళ్ళని మోసుకెళ్ళడం పెద్ద పని. ఇతర క్లినిక్కులకీ ఇక్కడినుంచే వెళ్ళేవి. పల్లవన్ బస్సులో మధ్యాహ్నం పూట రాయపేట చేరేలోపు మైనం మెత్తబడి ముందుపళ్ళు ఒరిగిపోయేవి. టిఫిన్ క్యారియర్ కింది గిన్నెలో చల్లనీళ్ళు, పై గిన్నెలో తడిగుడ్డ చుట్టిన సెట్టు. దారిలో ఎవరైనా "ఏం కూర?" అని అడిగితే కుర్రాళ్ళు ఏమీ చెప్పేవాళ్ళు కాదు.

*

అసలు పని ప్యాకింగ్, అంటే మైనం తీసేసి ఆ చోట ప్లాస్టిక్ నింపడం. రెండు సగాలుగా విడిపోయే ఇత్తడి డబ్బా, ఫ్లాస్కు అంటారు, అందులో సగం ప్లాస్టర్ పోసి మైనం సెట్టు ఉన్న అచ్చుని కూచోబెట్టడం, వ్యాజలైను రాయడం, పైసగం పోసి మూత పెట్టడం. బిగిశాక మరిగే నీళ్ళల్లో అయిదు నిమిషాలు. అయిదే. మైనం మెత్తబడి ఊడిరావాలి కానీ కరిగి ప్లాస్టర్‌లోకి ఇంకకూడదు. ఫ్లాస్కు తెరిస్తే కింద చిగురు అచ్చు, పైన పళ్ళు గుచ్చుకుని ఉంటాయి, మధ్యలో మైనం ఉన్నచోట ఖాళీ. సబ్బు కలిపిన మరిగేనీళ్ళు, తర్వాత వట్టి మరిగేనీళ్ళు పోసి కడిగేవారు. పంటి అడుగున మైనం జిడ్డు రవ్వంత మిగిలినా ప్లాస్టిక్ దానికి అతుక్కోదు. ఆరునెలలకి జంతిక కొరికినప్పుడు ఆ పన్ను ఒక్కటే ఊడి చేతిలోకొస్తుంది. "పన్ను మంచిది కాదు" అంటారు అందరూ. పన్ను తప్పు కాదు, కడిగినవాడి తప్పు.

ప్లాస్టర్ మీద మాత్రం ఆల్జినేట్ ద్రావణం పూత. పూర్వం తగరపురేకు అంటించేవారట. పూత పంటికి తగలకూడదు.

ఇక పీటకి ప్లాస్టిక్ కలపడం. కొలపాత్రలో ప్లాస్టిక్ పొడి మూడు వంతులు, మిథైల్ మెథాక్రిలేట్ ద్రవం ఒక వంతు. ఒక పైసెట్టుకి ద్రవం 10 మి.లీ. అయితే పొడి 30. మూత ఉన్న పింగాణీ జాడీలో కలిపి మూసెయ్యాలి. మొదట తడి ఇసుకలా ఉంటుంది. తర్వాత పుల్లతో ఎత్తితే పాకంలా తీగలు సాగుతుంది. ఆ తర్వాత జాడీ గోడని వదిలి, వేలికి అంటకుండా, చపాతీ పిండిలా ముద్దవుతుంది. ఆ ముద్ద దశలోనే అచ్చులో పెట్టాలి. ముందే పెడితే కారిపోయి లోపల గుల్లలొస్తాయి. ఆలస్యమైతే రబ్బరులా వెనక్కి లాగుతుంది, ఎంత నొక్కినా ఫ్లాస్కు మూసుకోదు, మూసుకోక మిగిలిన ఆ అర మిల్లీమీటరు పళ్ళ ఎత్తుకి కలుస్తుంది. ఎండాకాలం మద్రాసులో ముద్ద దశ ఇలా వచ్చి అలా పోయేది. జాడీని ఐసునీళ్ళల్లో కూచోబెట్టి, ఎవరు పిలిచినా పలక్కుండా నిలబడేవారు.

ముద్ద పెట్టి, మీద తడిపిన సెల్లోఫేన్ కాగితం పరిచి, ప్రెస్సు పిడి మెల్లగా తిప్పాలి. తెరిచి, అంచుల చుట్టూ చిందిన పల్చటి రేకు కత్తిరించి, మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచి, రేకు రాకుండా పోయేదాకా. ఆఖరిసారి కాగితం తీసేసి బిగించి, క్లాంపులో పెట్టి, గంగాళంలో నీళ్ళల్లోకి.

ఆ గంగాళం కిరసనాయిలు స్టవ్వు మీద ఉండేది. థర్మామీటరు దారంతో వేలాడేది. 74 డిగ్రీల దగ్గర రెండు గంటలు, ఆపైన మరిగే నీళ్ళల్లో ఒక గంట. లేదా రాత్రంతా 74 దగ్గరే. ఎందుకంత ఓపికంటే, ఆ ద్రవం 100 డిగ్రీలు దాటగానే మరుగుతుంది. గట్టిపడేటప్పుడు అదే వేడి పుట్టిస్తుంది. మొదటే మరిగే నీళ్ళల్లో పడేస్తే లోపలి వేడి, బయటి వేడి కలిసి, గట్టిపడని ద్రవం ఆవిరై, మందంగా ఉన్నచోట పీట లోపల బుడగలు నిలుస్తాయి. బయటికి నున్నగానే ఉంటుంది. లోపల జున్నుముక్క. తొందరపడి గంటలో ఉడికించి ఇచ్చే ల్యాబులు అప్పుడూ ఉండేవి. సగం ఉడికిన పీటలో మిగిలిన ద్రవం నోట్లోకి ఊరి అంగిలి మండుతుంది. అది పనివాడు చెయ్యకూడని పని.

దించాక కూడా ఆత్రం పనికిరాదు. వేడి ఫ్లాస్కుని చన్నీళ్ళల్లో ముంచితే సెట్టు వంకర తిరుగుతుంది. బల్ల మీదే చల్లారాలి. సాయంత్రం ఉడికించినవి పొద్దునే తెరిచేవారు.

*

కిటికీ పక్క సొరుగులో పాత సెట్లు ఉండేవి. కొత్తవి కట్టించుకున్నవాళ్ళు వదిలేసి వెళ్ళినవి. చరిత్రంతా ఆ సొరుగులోనే ఉండేదంటే అతిశయోక్తి కాదు.

ముదురు ఎరుపు, గోధుమరంగు పీటలు వల్కనైట్‌వి. చార్లెస్ గుడియర్ 1839లో రబ్బరుని గంధకంతో ఉడికించడం కనిపెట్టాడు, అతని తమ్ముడు నెల్సన్ 1851లో గట్టిరబ్బరుకి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు పీట అంటే బంగారం లేదా దంతం, ఉన్నవాళ్ళకే. రబ్బరు వచ్చాక సామాన్యుడికి పళ్ళొచ్చాయి. ఆవిరి బాయిలరులో 160 డిగ్రీల పైచిలుకు వేడి కావాలి. ఆకురాయి పెడితే గంధకం కంపు. అమెరికాలో రబ్బరు పీటల పేటెంటు చేతిలో ఉన్న కంపెనీ దంతవైద్యుల దగ్గర రుసుము వసూలుచేస్తూ, కట్టనివాళ్ళని కోర్టులకీడ్చింది. చివరికి దాని కోశాధికారి జోసయా బేకన్‌ని 1879లో శాన్‌ఫ్రాన్సిస్కోలో శామ్యూల్ చాల్‌ఫంట్ అనే దంతవైద్యుడు కాల్చి చంపాడు. పీట కోసం ప్రాణం పోయిన సందర్భం.

కొన్నిటికి అంగిలి మధ్యలో నల్లటి రబ్బరు బిళ్ళ. గాలి పీల్చి పట్టుకోవాలని పెట్టింది. మేస్త్రికి వాటిని చూస్తేనే కోపం. పట్టు సరిగ్గా కుదరని సెట్టుకి అది దొంగదారి. ఏళ్ళతరబడి ఒకేచోట పీలిస్తే అంగిలి చర్మం తిని, ఎముక తిని, ముక్కులోకి చిల్లు పడ్డ కేసులున్నాయి.

పింగాణీ పళ్ళకి వెనక చిన్న లోహపు మొలలు. ప్లాస్టిక్ పింగాణీకి అంటదు, అందుకని ఆ మొలలే ఆధారం. ప్లాటినం మొలతో విడివిడి పింగాణీ పన్ను చేసినవాడు ఇటలీకి చెందిన ఫోంజీ, 1808లో పారిస్‌లో. అతనికి ముందు ఫ్రెంచి దంతవైద్యుడు దుబ్వా ద షెమాఁ పీటా పళ్ళూ కలిపి మొత్తం పింగాణీతోనే పోశాడు. పింగాణీ బట్టీలో కుంచించుకుపోతుంది కాబట్టి పట్టు సరిగ్గా దొరికేది కాదు. అక్కడా పీటే దెబ్బతీసింది. పింగాణీ పళ్ళతో భోంచేస్తే గిన్నెలు తగిలినట్టు టిక్కుటిక్కు వినిపించేది. ఒక పంక్తిలో ఎవరివి కట్టుడు పళ్ళో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

జార్జి వాషింగ్టన్‌వి చెక్కపళ్ళని ఇప్పటికీ చెబుతుంటారు. కాదు. 1789లో అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి ఆయనకి మిగిలింది ఒక్క పన్ను. ఆయన దంతవైద్యుడు జాన్ గ్రీన్‌వుడ్ నీటిగుర్రం దంతంతో పీట చెక్కి, ఆ ఒక్క పంటికి రంధ్రం విడిచి, మనుషుల పళ్ళు బిగించాడు. పైనా కిందా ప్లేట్లని స్ప్రింగులు విడదోస్తుండేవి. నోరు మూసుకోవాలంటే దవడ బిగపట్టి ఉంచాలి. ఆ మనుషుల పళ్ళు ఎక్కడివంటే, కొన్ని పేదలు అమ్ముకున్నవి. 1815లో వాటర్లూ యుద్ధం తర్వాతైతే చచ్చిపడ్డ కుర్ర సిపాయిల నోళ్ళలోంచి పీకినవి. అంతకు రెండువేల అయిదొందల ఏళ్ళ కిందట ఇటలీలో ఎట్రస్కన్లు బంగారు పట్టీతో పక్కపళ్ళకి కట్టి నిలబెట్టారు. పక్కపళ్ళు ఉన్నంతకాలమే ఆ కట్టు.

నిజంగా చెక్కతో కట్టినవాళ్ళు జపానువాళ్ళు. 1538లో చనిపోయిన ఒక బౌద్ధ సన్యాసిని పైసెట్టు దొరికింది. మొత్తం ఒకే కర్రతో చెక్కింది. స్ప్రింగు లేదు, తీగ లేదు. అంగిలికి అతికినట్టు చెక్కి, పట్టు మీదే నిలబెట్టారు. యూరప్ స్ప్రింగులతో కుస్తీపడుతున్న కాలానికి వీళ్ళకి పీట సంగతి ఎప్పుడో తెలుసు. మొత్తం చరిత్రలో ముందు తలవంచాల్సింది ఆ పేరు తెలియని చెక్కేవాడికే.

మన గులాబిరంగు ప్లాస్టిక్ 1937లో వచ్చింది, వాల్టర్ రైట్ చేతుల్లో. యుద్ధవిమానాల అద్దాలకి వాడిందీ ఇదే పదార్థం. ఆ అద్దాల ముక్కలు పైలట్ల కళ్ళల్లో గుచ్చుకున్నా పుండు పడకపోవడం గమనించి ఇంగ్లండు కంటివైద్యుడు హెరాల్డ్ రిడ్లీ 1949లో కంట్లో అమర్చే మొదటి లెన్సు దీనితోనే చేశాడు. శుక్లం తీయించుకుని సెట్టు పెట్టుకున్న అప్పటి తాతగార్లలో కొందరికి కంట్లోనూ నోట్లోనూ ఒకటే పదార్థం.

*

కోడంబాకం నుంచి అప్పుడప్పుడు కోరలకి ఆర్డరు వచ్చేది. పౌరాణికంలో రాక్షసుడికి. నటుడి పళ్ళ అచ్చు తీసుకుని, దాని మీద పల్చటి తొడుగులా చేసి, కోరపంటి దగ్గర కొమ్ము పెంచేవారు. నొక్కితే పట్టుకోవాలి, లాగితే రావాలి. తొడుగు మందమైతే డైలాగు ముద్దముద్దగా వస్తుంది.

రిపేర్లు మాత్రం రోజూ. పైసెట్టు నడిమికి నిలువునా విరగడం ఎక్కువ. చెయ్యి జారి సిమెంటు తొట్టిలో పడ్డవి కొన్ని, కానీ చాలావాటికి కారణం వేరు. పక్క చిగుళ్ళు అరిగిపోయి అంగిలి మధ్యభాగం మీద పీట తూగుతుంది, ప్రతి ముద్దకీ కొంచెం వంగుతుంది, ఒకరోజు విరుగుతుంది. రెండు ముక్కల్ని జిగటమైనంతో, అగ్గిపుల్లలు అడ్డంపెట్టి కలిపి, వెనక ప్లాస్టర్ పోసి, విరిగిన అంచుల్ని 3 మిల్లీమీటర్లు ఎడంగా ఏటవాలుగా గీకి, చల్లగా గట్టిపడే రకం ప్లాస్టిక్ కుంచెతో అద్ది నింపాలి. ఎడం ఇవ్వకుండా అతికితే వారంలో అక్కడే విరుగుతుంది. అరిగిన చిగురుకి కింద పొర నింపకుండా అతికితే నెలలో విరుగుతుంది.

చిగురు కింద ఎముక అరగడం ఆగదు. పన్ను వేరు లేకపోతే ఎముకకి పని లేదు, కరుగుతూపోతుంది. పాతికేళ్ళపాటు అవే నోళ్ళు కొలిచి టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 1972లో చెప్పిన ప్రకారం కిందిదవడ పైదానికంటే నాలుగురెట్లు ఎక్కువ అరుగుతుంది. కిందిసెట్టుకి అసలే గుర్రపునాడా అంత చోటు, మధ్యలో నాలుక. అందుకే జేబుల్లో దొరికేవి ఎక్కువగా కిందిసెట్లే. దీనికి జవాబు స్వీడన్‌లో దొరికింది. కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం ఊడిరాకపోవడం బ్రనమార్క్ అనే వైద్యుడు 1952లో గమనించి, 1965లో మొదటి మనిషి దవడలో అమర్చాడు. కిందిదవడలో అలాంటి టైటానియం మొలలు (ఇంప్లాంటులు) రెండు పెట్టి వాటి మీద సెట్టు బిగించడమే ముందుగా ఆలోచించాల్సిన చికిత్స అని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరిన నిపుణులు తేల్చారు. ఇప్పుడు పీటని ముందే గట్టిపడిన బిళ్ళలోంచి మిషను చెక్కేస్తోంది. ఉడికించేది లేదు, కుంచించుకునేది లేదు. పట్టు మా చేతిపనికంటే మేలుగా ఉంది, అది ఒప్పుకోవాలి.

సెట్టు ఇచ్చేరోజు తడిదూది పరిచిన డబ్బాలో పెట్టి ఇచ్చేవారు. ఎండితే వంకరపోతుంది కాబట్టి రాత్రి తీసి నీళ్ళల్లో వెయ్యమనేవారు, మరిగేనీళ్ళల్లో కాదు. పళ్ళపొడి వద్దు, గీతలుపడతాయి, సబ్బు చాలు. మొదటి వారం ముద్దపప్పన్నం, రెండువైపులా నమలాలి. వక్క జోలికి పోవద్దు. "మూడో రోజు రండమ్మా, ఒరుసుకున్న చోట ఏమీ రాయకుండా రండి" అనేవారు. మూడో రోజు ఎర్రబడ్డ చోట డాక్టరుగారు కాపీయింగ్ పెన్సిలుతో చుక్క పెట్టి, సెట్టుని నోట్లో నొక్కి తీసేవారు. పీట లోపల ఊదారంగు చుక్క అంటుకుని ఉండేది. మేస్త్రి కిటికీ వెలుతురులోకి తిప్పి చూసి, అంతమేరకే, కాగితం మందాన గీకేవారు.